వాలు అక్షరాలు

ముప్పై ఏడో పేజీలో ఆగిపోయాను.
ఇంగ్లీషు వాక్యం నడుస్తూ నడుస్తూ
ఒక మాట దగ్గర పక్కకు ఒరిగింది.
ఎస్, ఓ, డి, ఐ.
నాలుగక్షరాలు,
సిటీ బస్సు ఫుట్‌బోర్డు మీద వేలాడే మనుషుల్లా వాలి.

చీకటుండగానే, రబ్బరు చెట్లకు గాట్లు పెట్టబోయే ముందు
అమ్మమ్మ మాకు సోది ఇచ్చేది, అని ఉంది.

సోది.
వారాసిగూడలో, రెండో అంతస్తులో,
ఇన్వర్టర్ మూలుగు పక్కన
నాకు ఎరుక చెప్పే ఆమె కనిపించింది.
చేట, బియ్యం, కళ్లు మూసుకుని పలికే గొంతు.
పేరాక్ తోటల్లో ఒక ముసలామె
మనవలకు రోజూ జాతకం చెప్పి పనికి పంపుతోంది!
'ఇచ్చేది'ని 'చెప్పేది' చేశాను.
మూడు వారాలు ఆ ఒక్క పేరాకు నగిషీలు చెక్కాను.
ఫుట్‌నోటు కూడా రాశాను.

రచయిత్రి రోహిణి సిమ్మాచలం.
ఇంటిపేరు ఓడలోనే ఎక్కడో జారిపోయి
ముత్తాత పేరే ఇంటిపేరైంది.
తెలుగు చదవలేదు, మాట్లాడలేదు.
తన పుస్తకం తనకు రాని భాషలోకి వస్తోందని
ఫోన్లో నవ్వింది,
చుట్టాలింటి గేటు ముందు బెల్లు వెతుక్కునే మనిషిలా.

లిఫ్టు పాడైన రోజు
మెట్లు తుడుస్తున్న దాలమ్మను ఊరికే అడిగాను.
వాచ్‌మన్ భార్య. టెక్కలి దాటి ఏదో ఊరు.
మీ వైపు సోది చెప్పేవాళ్లు పొద్దున్నే వస్తారా?
వాక్యం చదివి వినిపించాను.
ఆమె తడిగుడ్డ పిండుతూ
"సోది కాదమ్మా, సోడి. సోడంబలి.
పనికెల్లే గుంటల కడుపులో ఏటో ఒకటి పడాల గదా."

చోళ్లు.
రాగులు.
మా కల్వకుర్తిలో తైదలు.
బడిలో తైదలని రాస్తే సారు ఎర్రసిరాతో కొట్టేసి
పైన రాగులు అని రాశాడు.
ఇన్నేళ్లూ అదే కలం జేబులో పెట్టుకుని
నేను ఎవరెవరి నాయనమ్మల మీద గీతలు గీశానో.

రోహిణికి రాశాను: అది తిండి.
రెండు రోజులకు జవాబొచ్చింది.
"ప్రార్థన అనుకున్నాను. మా అమ్మ కూడా అలాగే అనుకుంది.
అది ఏ రంగులో ఉంటుంది?"

మెట్ల కింద గదిలో దాలమ్మ గిన్నె మూత తీసి చూపించింది.
వానకు తడిసిన ఇటుక, కాస్త బూడిద కలిసి.
ఉల్లిపాయ కొరుక్కుంటూ తాగాలంది.
కూతురు లాస్య, ఆరో తరగతి,
హోంవర్కు మీంచి తలెత్తకుండా దిద్దింది:
"రాగి జావ అనాలమ్మా.
పార్కు కాడ బండి మీద అట్లనే రాసుంటది."
దాలమ్మ నవ్వి ఊరుకుంది.
ఈ ఊరొచ్చి తొమ్మిదేళ్లు.
ఇలా నవ్వి ఊరుకున్న మాటలు ఎన్నో.

టెక్కలి నుంచి పేరాక్‌కు ఓడ.
టెక్కలి నుంచి ఇక్కడికి రాత్రి రైలు.
ఏది దూరమో కొలిచే బద్ద నా దగ్గర లేదు.

విద్యానగర్‌లో మొయిన్ భాయ్ పేజీలు కడుతూ అడిగాడు:
"మేడమ్, అక్కడ వాలుగున్న మాటల్ని తెలుగులో కూడా వాల్చాలా?
మా ఉర్దూల ఈ తకరారే లేదు,
అక్షరాలన్నీ పుట్టుకతోనే వాలి ఉంటయి."

స్క్రీన్ మీద చూశాను.
వాలిస్తే పరాయిది.
నిలబెడితే ఎవరికీ కనబడదు,
ఎంజీబీఎస్‌లో తెల్లారి బస్సు దిగి
సంచీ భుజాన వేసుకుని
గుంపులో కలిసిపోయే ఆడమనిషిలా.
నిలబెట్టండి అన్నాను.
ఫుట్‌నోటు కొట్టేశాను.

ఇంకొకటి మిగిలింది.
నూట పన్నెండో పేజీ,
పోయేముందు అమ్మమ్మ రెండుసార్లు అన్న మాట.
కె, యు, ఆర్, ఎ, ఎల్, ఐ.
కురలో, కూరలో, కురాళో.
దాలమ్మకు తెలియదు.
ఊళ్లో వాళ్లత్తకు ఫోన్ చేయించాను, ఆమెకూ తెలియదు.
మలయ్ మాటేమో అని రాసిన రోహిణి
కాదని తెల్లారి తనే మళ్లీ రాసింది.
మొయిన్ భాయ్ టీ చల్లారిపోయింది.
కర్సరు కొట్టుకుంటోంది.
దీర్ఘం ఎక్కడ పెట్టమంటారు?